ఎండ లేనిచోట పుట్టిన గడ్డి

యానాంలో మా పిన్ని వాళ్ళ ఇంటి ముందు పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు జాగా ఉంది. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లాన్ మీద జానెడు ఒండ్రు మేట వేసింది. అప్పట్నుంచీ అది బీడే. మొన్న ఏప్రిల్‌లో వెళ్తే షాపువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి చేతిలో పెట్టి, "ఇది పరిపించేద్దామా, ఏమంటావురా?" అంది.

అరచేతి వెడల్పు ముక్క. ఆకుపచ్చలోనే మూడు ఛాయల పోచలు. అడుగున గోధుమరంగు ఉంగరాల పీచు, పాత గడ్డి ఎండి పడున్నట్టు కనబడాలని కావాలనే కలిపి కుట్టింది. వెనక నల్లటి అట్ట, దానికి వరసగా చిల్లులు. పనితనం మెచ్చుకోవాల్సిందే. కానీ ఇది ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే ఎక్కడ పరవాలో తెలుస్తుంది.

అమెరికాలోని హ్యూస్టన్‌లో 1965లో ఆస్ట్రోడోమ్ తెరిచారు. అంత పెద్ద ఆటస్థలానికి మొత్తంగా కప్పు వేయడం ప్రపంచంలో అదే మొదలు. లోపల పెరిగేది మామూలు గడ్డే కాబట్టి, వెలుగు రావాలని కప్పుకి వేలకొద్దీ పారదర్శక పలకలు బిగించారు. ఆ పలకల మెరుపుకి పైకి లేచిన బంతి బేస్‌బాల్ ఆటగాళ్ళకి కనబడేది కాదు. సరే అని పలకలకి రంగు పూశారు. బంతి కనబడింది, గడ్డి చచ్చింది. చచ్చిన గడ్డికీ మట్టికీ పచ్చరంగు వేసి ఆ ఏడాది ఆటలు లాగించారు.

అప్పటికే మోన్‌శాంటో కంపెనీ దగ్గర నైలాన్ గడ్డి తయారుగా ఉంది. ఆడుకోవడానికి నేల దొరకని పట్నం పిల్లల కోసమని మొదలైన పని అది. 1964లోనే రోడ్ ఐలాండ్‌లోని మోజెస్ బ్రౌన్ బడిలో పరిచి చూశారు. అప్పుడు దాని పేరు కెమ్‌గ్రాస్. 1966లో ఆస్ట్రోడోమ్‌లోకి వచ్చాక ఆస్ట్రోటర్ఫ్ అయింది. ఫారియా, రైట్ అనే ఇద్దరి పేర 1967లో పేటెంటు వచ్చింది.

తర్వాత అది ఎండలోకి నడిచింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ మొదటిసారి దీని మీద ఆడారు. అంతకు ముందటేడు కౌలాలంపూర్‌లో పచ్చిక మీద ప్రపంచకప్పు గెలిచిన మన జట్టు అక్కడ ఏడో స్థానంతో తిరిగొచ్చింది. పోచలూ మారాయి. బిరుసు నైలాన్ పోయి పాలీప్రొపిలీన్, ఆ తర్వాత మెత్తటి పాలిథిలీన్ వచ్చాయి. పోచల మధ్య ముందు ఇసుక పోసేవాళ్ళు, 1990ల నుంచి పాత టైర్ల రబ్బరు గుండ కూడా పోస్తున్నారు.

మారనిది ఒక్కటే, ఇది నీళ్ళు తాగదు. గరికపోచ వేళ్ళతో నీరు పీల్చి, ఆకుల మీది సన్నటి రంధ్రాల్లోంచి ఆవిరిగా వదులుతుంది. ఒక్క లీటరు నీరు అలా ఆవిరైతే యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులంత వేడిని తనతో పట్టుకుపోతుంది. ప్లాస్టిక్ పోచకి ఆ దారి లేదు, పడిన ఎండనంతా ఒంట్లోనే పెట్టుకుని కాగిపోతుంది. 2002లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవాళ్ళు కొలిచి చూస్తే, వాళ్ళ కృత్రిమ మైదానం పక్కనున్న తారు కంటే కూడా వేడిగా ఉంది. 79 డిగ్రీల్లో ఉన్నప్పుడు నీళ్ళు కొడితే 29కి దిగింది. అయిదు నిమిషాల్లో 49, ఇరవై నిమిషాల్లో 73. రోజంతా పైపు పట్టుకుని నిలబడేదెవరు?

మేమూ చూశాం. ఆ ముక్కని పొద్దున్నే వాకిట్లో, కాలిబాట పక్కన మొలిచిన గరిక దగ్గర పెట్టాం. మధ్యాహ్నం రెండింటికి పిన్ని చెప్పులు విడిచి గరిక మీద నిలబడింది, బాగానే ఉంది. ముక్క మీద కాలు మోపి "అమ్మో!" అని వెనక్కి లాక్కుంది. ఆ వాకిట్లోనే సాయంత్రాలు మనవడు దోగాడతాడు.

నీడపట్టున మాత్రం నాకే అభ్యంతరమూ లేదు. దీనికి పేరొచ్చిందే గడ్డి బతకని చోట కదా! వరండాకో, పోర్టికో కిందికో కొనేవాళ్ళు పాలిథిలీన్ పోచే అడగండి. బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే పోచ మళ్ళీ లేవాలి. పైన గ్లాసుడు నీళ్ళు పోస్తే చిల్లుల్లోంచి జారిపోవాలి. పక్కనుంచి ఎండ పడేచోటైతే రంగు వెలవదన్న హామీ కాగితం మీద రాయించుకోండి.

రబ్బరు గుండ మాత్రం వద్దే వద్దు. 2023లో యూరప్ దేశాలు ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుండల అమ్మకానికి ఎనిమిదేళ్ళ గడువు పెట్టి నిషేధం తెచ్చాయి, ఆ నలుసులు నేలలోకీ నీళ్ళలోకీ చేరుతున్నాయని. మన వాకిలి కడిగిన వరద గోదావరి పాయ గౌతమిలో కలుస్తుంది, కోరంగి మడ అడవుల మీదుగా సముద్రంలోకి పోతుంది. అక్కడి పీతలూ రొయ్యపిల్లలూ ఈ రబ్బరు తినాలా? ఆ మాటకి పిన్ని ఇంకేమీ అడగలేదు.

వరండాలో ఉయ్యాలబల్ల కింద పరిచేంత ప్లాస్టిక్ గడ్డి కొన్నాం. బయటికి కడియం నర్సరీల నుంచి కార్పెట్ గడ్డి తెప్పిద్దామన్నాను. "గరికుండగా డబ్బులెందుకురా" అని పిన్ని కాలవగట్టుకి పంపింది. కణుపులున్న తీగలు తెచ్చి, ఒండ్రు తిరగేసి, జానెడుకొకటి నాటాం. వినాయక చవితికి పత్రిలోకి గరిక వాకిట్లోనే కోసుకుంది.