ఫొటో వెనక పేరు రాశారా?

ఆల్బమ్‌లోని పాత ఫొటో వెనక్కి తిప్పితే ఎవరి పేరో, ఏ ఏడాదో పెన్నుతో రాసి ఉండేది. మరి కంప్యూటర్లోని వేల ఫొటోల సంగతి? ఎందరో పికాసాని నమ్ముకుని పేర్లు పెట్టుకున్నారు. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. గూగుల్ ఫొటోస్‌ కూడా అంతే... 2021 జూన్ నుంచి ఉచితం 15 జీబీ వరకే, అదీ జీమెయిల్‌తో కలిపి!

అందుకే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ముందు ఒకటి చూడాలి. మీరు రాసిన పేర్లను తన డేటాబేస్‌లోనే దాచుకుంటుందా, ఫొటో ఫైల్లోనూ రాస్తుందా? ఫైల్లో ఉంటే రేపు సాఫ్ట్‌వేర్ మూతపడినా పేర్లు మిగులుతాయి. ఉచితంగా దొరికే డిజికామ్‌లో ఈ వీలుంది. సెట్టింగుల్లో మెటాడేటా దగ్గర టిక్ పెట్టాలి. నేర్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి లెండి.

ఎడిటింగ్ అంటారా? మార్పుల్ని వేరే కాపీగా దాచేదైతే చాలు. తాతయ్య పెళ్లి ఫొటో మీద మరకలు తుడుస్తూ చెయ్యి జారినా అసలు ఫొటో భద్రమే.