కారు కన్ను కొడుతోందా?

పాత కారుకి జెనాన్ లైట్లుంటే అదో ముచ్చట. వాటిలో ఒకటి ఉన్నట్టుండి ఆరిపోతే మాత్రం పెద్ద తలనొప్పే. ఉప్పుగాలి వీచే నెల్లూరు తీరంలో ఆ తలనొప్పి ఇంకాస్త తొందరగా వస్తుంది. కొత్త బల్బు కొనేముందు అసలు లోపం ఎక్కడుందో తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది, రాత్రి ప్రయాణమూ భయం లేకుండా సాగుతుంది.

ఆదివారం సాయంత్రం. మైపాడు బీచ్‌లో కాసేపు గడిపి, పిల్లల కాళ్లకంటిన ఇసుక దులిపి నెల్లూరు బయల్దేరాం. దూరం పాతిక కిలోమీటర్లలోపే. అప్పటికే చీకటి పడింది. రోడ్డుకి అటూ ఇటూ పొలాలూ, రొయ్యల గుంటలూ. సగం దూరం వచ్చామో లేదో ఎదురుగా వస్తున్న మినీ లారీ సరిగ్గా మా మీదికే వస్తున్నట్టనిపించింది. గట్టిగా హారన్ కొడితే ఆఖరి నిమిషంలో పక్కకి తప్పుకుంది. కారాపి, దిగి చూస్తే అప్పుడర్థమైంది. మా కుడివైపు హెడ్‌లైటు ఆరిపోయి ఉంది!

ఎడమవైపు లైటొక్కటే వెలుగుతుంటే ఎదుటివాళ్లకి అది రోడ్డు అంచున వస్తున్న మోటార్‌సైకిల్లా కనపడుతుంది. మిగతా రోడ్డంతా ఖాళీయే అనుకుంటారు. కానీ కారు సగభాగం ఉండేది అక్కడే కదా.

స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే లైటు వెలిగింది. పది నిమిషాలకి మళ్లీ ఆరింది. మర్నాడు మెకానిక్‌కి చూపిస్తే 'బల్బు పోయింది సార్, మారిస్తే సరిపోద్ది' అన్నాడు. వేలు పోసి కొత్త బల్బు వేయించాం. వారం తిరక్కుండానే మళ్లీ అదే కథ. చివరికి మరో షెడ్డులో ఓ పెద్దాయన అసలు సంగతి తేల్చాడు. మా పాత బల్బు బాగానే ఉందట. దానికి కరెంటిచ్చే పెట్టె కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టిందట. చిలుము గీకి, శుభ్రం చేసి, కొత్త రబ్బరు వేస్తే లైటు నిక్షేపంలా వెలిగింది.

పాత కారు కొనుక్కున్న చాలామందికి ఎదురయ్యే అనుభవమే ఇది. అందుకే ఆ లైటు ఎలా పనిచేస్తుందో కాస్త తెలిసుండాలి.

ట్యూబ్‌లైటుకి చుట్టం

మామూలు హాలోజెన్ బల్బులో సన్నటి ఫిలమెంటు తీగ ఉంటుంది. కరెంటు వెళ్తే అది వేడెక్కి వెలుగుతుంది. జెనాన్ బల్బులో ఆ తీగే ఉండదు. చిన్న క్వార్ట్జ్ గాజు బుడగలో రెండు లోహపు మొనలు ఎదురెదురుగా ఉంటాయి. బుడగలో జెనాన్ వాయువూ, కొన్ని లోహ లవణాలూ నింపుతారు. మొనల మధ్య మెరుపులాంటి విద్యుత్ చాపం ఏర్పడితే అదే వెలుగు. లైటు వేయగానే ముందు నీలంగా మెరిసి, కొన్ని క్షణాల్లో తెల్లగా మారడం గమనించారా? మొదట వెలిగేది వాయువు. ఆ వేడికి లవణాలు ఆవిరయ్యాకే అసలు వెలుగొస్తుంది.

ఈ వాయువుని 1898లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ కనుక్కున్నారు. జెనాన్ అన్న పేరు గ్రీకు మాట నుంచి వచ్చింది. 'కొత్తవాడు' అని దానర్థం. కార్ల హెడ్‌లైట్లలోకి వచ్చింది 1991లో, బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో. 55 వాట్ల హాలోజెన్ బల్బు దాదాపు 1000 నుంచి 1500 ల్యూమెన్ల వెలుగిస్తే, 35 వాట్ల జెనాన్ బల్బు 3200 దాకా ఇస్తుంది. కరెంటు తక్కువ, వెలుగు రెట్టింపు. మోజు పుట్టదూ మరి!

అయితే ఆ మెరుపు పుట్టాలంటే బ్యాటరీలోని 12 వోల్టులు ఏ మూలకీ చాలవు. ఒక్క క్షణంపాటు 20 వేల వోల్టులకి పైగా కావాలి. మనింట్లో ట్యూబ్‌లైటుకి చోకూ, స్టార్టరూ ఉన్నట్టే దీనికీ రెండు తోడుగా ఉంటాయి. మెరుపు పుట్టించేది ఇగ్నైటర్. వెలిగాక కరెంటుని అదుపులో పెట్టేది బాలస్ట్. కొన్ని రకాల్లో ఇగ్నైటర్ బల్బుతోనే కలిసి ఉంటుంది, కొన్నింట్లో విడిగా ఉంటుంది. అంటే లైటు వెలగలేదంటే తప్పు బల్బుదే కానక్కర్లేదు. ఇగ్నైటర్, బాలస్ట్, వైరింగ్, ఫ్యూజు... వీటిలో ఏదైనా కావచ్చు.

ఎడమది కుడికి మార్చి చూడండి

మరి దోషి ఎవరో తేల్చడం ఎలా? ముందు ఫ్యూజు చూడాలి. రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే బల్బులని అనుమానించేకన్నా ఫ్యూజు, రిలే, స్విచ్చి చూసుకోవడం మంచిది. రెండూ ఒకే రోజు పోవడం అరుదు.

ఒక్కటే ఆరితే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఎడమవైపు బల్బు కుడికీ, కుడివైపుది ఎడమకీ మార్చి బిగించాలి. లోపం బల్బుతోపాటు అవతలివైపు వెళ్లిందా? అయితే బల్బు పోయినట్టే. లోపం ఉన్నచోటే ఉందా? బల్బు మంచిదే, అటువైపు బాలస్ట్‌నో, ఇగ్నైటర్‌నో, వైర్లనో పట్టుకోవాలి. బాలస్ట్‌లనీ ఇలాగే అటూ ఇటూ మార్చి చూడొచ్చు. మా కారు విషయంలో ఆ పెద్దాయన చేసిందిదే. మొదటి మెకానిక్ కూడా ఈ పని చేసుంటే కొత్త బల్బు ఖర్చు తప్పేది.

లక్షణాలు చూసీ కొంత ఊహించొచ్చు. ఒకవైపు వెలుగు గులాబీ రంగుకో, ఊదా రంగుకో తిరిగిందంటే బల్బుకి వయసైపోయినట్టు. కాసేపు వెలిగి ఆరడం, ఆపి వేస్తే మళ్లీ రావడం కూడా ముసలి బల్బు లక్షణమే. కానీ వదులైన కనెక్టర్ కూడా అచ్చం అలాగే ఏమారుస్తుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు రాని లైటు, స్టార్ట్ చేశాక వస్తోందంటే బ్యాటరీనీ, ఎర్త్ వైరునీ చూడాలి. వెలిగే క్షణంలో బాలస్ట్ చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అది అందకపోతే ఆగిపోతుంది. లో బీమ్ వస్తూ హై బీమ్ రాకపోతే అదింకో కథ. బై-జెనాన్ లైట్లలో రెండింటికీ బల్బు ఒకటే. ముందున్న చిన్న రేకు తలుపు కిందికి వాలితే హై బీమ్. హై బీమ్ వేసినప్పుడు 'టక్' మన్న శబ్దం రాకపోతే ఆ తలుపు ఇరుక్కుందేమో చూడాలి.

జెనాన్ బల్బు ఆయుష్షు సుమారు 2000 గంటలు. రోజుకో గంట వాడితే ఐదారేళ్లు. పదీ పన్నెండేళ్ల కారుకి మొదటి బల్బులే ఉన్నాయంటే అవి వెలుగుతున్నా వెలుగు బాగా తగ్గిపోయి ఉంటుంది. మెల్లమెల్లగా తగ్గుతుంది కాబట్టి మన కంటికి తెలీదు.

ఉప్పుగాలి చేసే పని

కావలి దగ్గర తుమ్మలపెంట నుంచి కృష్ణపట్నం మీదుగా పులికాట్ దాకా నెల్లూరు తీరంలో ఎక్కడ కారు పెట్టినా ఉప్పు తగలక మానదు. ఇనుముకైతే తుప్పు, రాగికైతే చిలుము. కనెక్టర్ పిన్నుల మీద సన్నటి పొర పట్టినా కరెంటు సరిగ్గా పారదు. పైగా చాలా కార్లలో బాలస్ట్ ఉండేది హెడ్‌లైటు అడుగుభాగంలో. లోపలికి చేరిన నీరు చేరేదీ అక్కడికే.

నీరెలా చేరుతుందంటారా? హెడ్‌లైటు వెనక మూతకున్న రబ్బరు ఎండకి బిరుసెక్కి బీటలిస్తుంది. గాలి ఆడే చిన్న గొట్టాల్లో బురద పేరుకుంటుంది. సర్వీసింగ్‌లో ప్రెషర్‌తో నీళ్లు కొడతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఎలాగూ తప్పవు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. అలాంటి వరదల్లో నానిన కారేమో పాతది కొనేముందే ఆరా తీయాలి. హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీతలు, బాలస్ట్ పెట్టె మీద తెల్లటి మరకలు ఉంటే అనుమానించాల్సిందే.

వానాకాలంలో అద్దం లోపల సన్నటి ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే కంగారు పడక్కర్లేదు. నీళ్లు నిలిస్తేనే ప్రమాదం. ఏడాదికోసారి, వానలకి ముందు, వెనక మూత రబ్బరు చూపించి, కనెక్టర్లు శుభ్రం చేయిస్తే చాలావరకూ గొడవుండదు. అద్దం పచ్చగా మసకబారితే కొత్త బల్బు వేసినా ఫలితముండదు. ముందు దాన్ని పాలిష్ చేయించాలి.

మార్చేటప్పుడు జాగ్రత్త

ఇదేమీ ఇంట్లో బల్బు మార్చినంత తేలిక కాదు. 20 వేల వోల్టులంటే ఆషామాషీ వ్యవహారం కాదు కదా. లైటు స్విచ్చి ఆపాలి, తాళం చెవి తీసేయాలి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పాలి, బల్బు పూర్తిగా చల్లారాలి. వెలుగుతున్న లైటు వెనక చెయ్యి పెట్టకూడదు. బాలస్ట్ పెట్టె విప్పి రిపేరు చేస్తామంటే ఒప్పుకోవద్దు. బల్బు గాజు భాగాన్ని వేళ్లతో తాకకూడదు. చేతి జిడ్డు అంటినచోట గాజు వేడికి దెబ్బతింటుంది. పొరపాటున తాకితే స్పిరిట్‌తో తుడవాలి. పాత రకం బల్బుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది. కాబట్టి పగిలితే పిల్లల్ని దూరంగా పంపి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే ఎత్తాలి.

బల్బు కొనేటప్పుడు పాతదాని మీదున్న గుర్తు చూసుకోండి. డీ1ఎస్, డీ2ఎస్, డీ2ఆర్, డీ3ఎస్, డీ4ఎస్... ఇలా రకాలున్నాయి. డీ1, డీ2 రకాలు సుమారు 85 వోల్టుల మీద నడిస్తే, పాదరసం లేని డీ3, డీ4 రకాలు సుమారు 42 వోల్టుల మీద నడుస్తాయి. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. రెండువైపులా ఒకేసారి మారిస్తే రంగూ, వెలుగూ సమానంగా ఉంటాయి.

కొత్త బాలస్ట్ ఖరీదెక్కువని ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో పాతది వెతికేవాళ్లున్నారు. తప్పులేదు. కానీ పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. గల్ఫ్‌లో ఉన్న బంధువులతో హెడ్‌లైటు మొత్తం తెప్పించుకోవాలనుకుంటే మాత్రం ఒక్క క్షణం ఆగండి. అక్కడ బండ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. ఆ లైటు వెలుగు మన రోడ్డు మీద ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తుంది.

ఎదుటివాళ్లూ ఇల్లు చేరాలి

రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకెళ్లే మోపెడ్లూ, సైకిళ్లూ తిరిగే రోడ్లు మనవి. పక్కనే కాలువ. కళ్లలో వెలుగు కొడితే వాళ్లకి దారే కనపడదు. అందుకే లైటు బాగవడం ఎంత ముఖ్యమో, అది సరైన ఎత్తులో పడటమూ అంతే ముఖ్యం. చాలా జెనాన్ కార్లలో వెలుగుని దానంతటదే పైకీ కిందికీ సర్దే ఏర్పాటుంది. చక్రాల దగ్గర సస్పెన్షన్‌కి ఉండే ఓ సన్నటి కడ్డీ ఆ సమాచారమిస్తుంది. ఉప్పు బురదకి అది తుప్పుపట్టి విరిగితే లైట్లు ఆకాశాన్నో, బంపర్ ముందు నేలనో చూస్తుంటాయి.

సరిచూసుకోవడం తేలికే. చదునైన చోట, గోడకి పది మీటర్ల దూరంలో కారు నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి. లో బీమ్ వేస్తే గోడ మీద వెలుగు అంచు, లైటు మధ్యభాగం ఎత్తుకన్నా ఓ పది సెంటీమీటర్లు కిందకుండాలి. ఎడమవైపు మాత్రం అంచు కాస్త పైకి లేస్తుంది. మీ కారుకి కచ్చితమైన కొలత మాన్యువల్‌లోనో, లైటు మీదో రాసుంటుంది.

హాలోజెన్ లైట్లున్న కారుకి చవగ్గా దొరికే జెనాన్ కిట్ వేయించుకుందామన్న ఆలోచనుంటే మానేయండి. ఆ రిఫ్లెక్టర్‌ని ఫిలమెంటు ఉండే చోటుని బట్టి తయారుచేస్తారు. అందులో వేరే బల్బు పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్ల మీద పడుతుంది. నీలం రంగు ఎక్కువైతే వానలో మనకీ దారి సరిగ్గా కనపడదు. చట్టమూ ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల రూపాయల జరిమానా, ఆర్నెల్ల వరకూ జైలు... లేదా రెండూ పడొచ్చు.

మా కారు బాగయ్యాక మళ్లీ ఓ ఆదివారం మైపాడు వెళ్లాం. బయల్దేరేముందు మావాడు కారు ముందు నిలబడి 'నాన్నా, రెండూ వెలుగుతున్నాయి' అన్నాడు. ఇప్పుడు చీకటిపడ్డాక ఎక్కడికెళ్లినా ఆ మాట వినందే కారు తియ్యడంలేదు. రెండు లైట్లూ చూసుకోవడానికి పట్టేది అర నిమిషమే. ఈ రాత్రి మీరూ ఓసారి చూసుకోండి.