మారిషస్ బీచ్: నీళ్ళలో దిగే ముందు తెల్ల గీత ఎక్కడుందో చూడండి

ఈరోజు మారిషస్ గురించి మాట్లాడుకుందాం. రీల్స్‌లో చూసే ఉంటారు, తెల్లటి ఇసక, గాజు లాంటి నీళ్ళు, వెనకాల నల్లటి కొండ. ముంబై నుంచి ఆరేడు గంటల విమానం. టూరిస్టుగా వెళ్ళే మనవాళ్ళు ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేదు. హోటళ్ళ రేట్లు చెప్పే వీడియోలు బోలెడున్నాయి, వాటి జోలికి నేను పోను. ఆ దీవిలో సముద్రం ఒకచోట చెరువులాగా ఉంటుంది, పది కిలోమీటర్లు పోతే మనిషిని లాక్కుపోతుంది. ఏది ఎక్కడో ఎట్టా కనిపెట్టాలి? అది చెప్తాను.

ఎందుకు చెప్తున్నానంటే, మన పుల్లలచెరువు, ఎర్రగొండపాలెం, మార్కాపురం వైపు పిల్లలకి ఈత వస్తే అది బావిలోనో చెరువులోనో కాలవలోనో నేర్చుకున్న ఈత. మనకి సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. ఏడాదికి ఒకసారి బ్యాచ్‌గా బండ్లేసుకొని వాడరేవుకో, కొత్తపట్నానికో పోతాం. "నాకు ఈత వచ్చులే" అని దిగుతాం. బావిలో నీళ్ళు కదలవు. సముద్రంలో నీళ్ళే మనల్ని కదిలిస్తాయి. అదీ తేడా.

ముందు దీవి సంగతి చూద్దాం. మార్కాపురం పలక తెలుసుగా. నీళ్ళ అడుగున పేరుకున్న బురద, కోట్ల ఏళ్ళ ఒత్తిడికి గట్టిపడి రాయైంది. అందుకే పొరలుగా చీలుతుంది. మారిషస్ రాయి అట్టా పుట్టలేదు. సముద్రం అడుగు నుంచి లావా ఎగదన్ని, చల్లారి నల్లరాయైంది. దీవి వయసు సుమారు 80 లక్షల ఏళ్ళు. అక్కడ అగ్నిపర్వతాలు వేల ఏళ్ళుగా నిద్రలో ఉన్నాయి. క్యూర్‌పీప్ అనే ఊళ్ళో ట్రూ ఓ సెర్ఫ్ అని పాత అగ్నిపర్వతం నోరు ఉంది, చుట్టూ వాకింగ్ చేస్తారు జనం. పక్క దీవి రీయూనియన్‌లో మాత్రం ఇప్పటికీ లావా పొంగుతూనే ఉంటుంది. ఇంకో సంగతి. ఈ దీవుల్ని పుట్టించిన ఆ వేడి చోటే, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఇండియా దాని మీదుగా జరుగుతున్నప్పుడు దక్కన్ నల్లరాయిని పోసిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి అదే. రాజమండ్రి దగ్గర కూడా కొంచెం ఉంది.

మరి రాయి నల్లగా ఉంటే ఇసక తెల్లగా ఎందుకుంది? ఆ ఇసకలో ఎక్కువ భాగం రాయి కాదు, పగడం. దీవి చుట్టూ లోతు తక్కువ నీళ్ళలో పగడపు జీవులు తరతరాలుగా గోడ కట్టాయి. దాన్నే రీఫ్ అంటారు. అలలు ఆ గోడని కొట్టి పొడి చేస్తాయి. చిలక ముక్కు లాంటి నోరుండే చేపలు పగడాన్ని కొరికి తిని ఇసకగా విసర్జిస్తాయి. అంటే మీరు రొమాంటిక్‌గా నడిచే ఇసకలో కొంత చేప పెంట. నవ్వొద్దు, నిజం. ఆ ఇసక మీద నిమ్మరసం పిండితే సన్నగా బుసబుసమంటుంది, ఎందుకంటే అది సున్నం జాతి. మన వాడరేవు ఇసక మీద పిండితే నిమ్మకాయ దండగ. మన ఇసక ఎక్కువగా నదులు మోసుకొచ్చిన రాతిపొడి. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి పోయే మన గుండ్లకమ్మ కూడా ఆ తీరానికే మన కొండల పొడి మోస్తుంది.

ఇప్పుడు అసలు పాయింట్. రీఫ్ ఉన్నచోట పెద్ద అల అక్కడే విరిగిపోతుంది. రీఫ్‌కీ ఒడ్డుకీ మధ్య నీళ్ళు మడుగులాగా నిలుస్తాయి, దాన్ని లగూన్ అంటారు. కాబట్టి బీచ్‌లో నిలబడి ముందు దూరంగా చూడండి. ఒడ్డుకి బాగా అవతల తెల్లటి నురగ గీత పొడుగ్గా కనిపిస్తే అది రీఫ్. మీ ముందున్న నీళ్ళకి కాపలా ఉన్నట్టు. ఆ గీత మధ్యలో తెగి, ముదురు నీలం రంగు దారి కనిపిస్తే అది గండి. పగడానికి మంచినీళ్ళు, బురద పడవు కాబట్టి వాగులు కలిసేచోట ఇట్టాంటి గండ్లు పడతాయి. రీఫ్ మీదుగా లోపలికి వచ్చిన నీళ్ళన్నీ బయటికి పోయేది ఆ గండి లోంచే. ఆటు సమయంలో ఇంకా జోరుగా లాగుతుంది. చెరువు తూము దగ్గర ఈదుతామా? అట్టాగే అనుకోండి. ఇక దూరంగా గీతే లేకుండా అలలు నేరుగా ఒడ్డునే కొడుతున్నాయంటే అక్కడ రీఫ్ లేదు. దక్షిణాన సూయాక్ దగ్గర గ్రి గ్రి అంటే అదే. నల్లటి కొండచరియ, హోరుగాలి, అల వచ్చి రాతికి పగులుతుంది. చూడ్డానికి నా లెక్కలో దీవి మొత్తంలో అదే అందమైన చోటు. కానీ చూసి రావాలి, దిగకూడదు. సెల్ఫీ కోసం చరియ అంచుకీ పోకూడదు.

గాలి సంగతి. సోషల్ పుస్తకంలో వ్యాపార పవనాలు చదివి మర్చిపోయాం కదా, అవి అక్కడ ఒంటికి తగులుతాయి. ఆగ్నేయం నుంచి ఏడాదిలో చాలా నెలలు వీస్తూనే ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మరీ జోరు. అప్పుడు అక్కడ చలికాలం. తూర్పున బెల్ మార్ బీచ్ కిలోమీటర్ల కొద్దీ ఇసక, బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ జూలైలో పోతే ఇసక మొహాన కొడుతుంది. ఆ నెలల్లో పడమర ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, ఉత్తరం గ్రాన్ బే మేలు, దీవి నడుమ ఎత్తు ప్రాంతం గాలికి కొంత అడ్డుపడుతుంది. నైరుతి మూల ల మార్న్ దగ్గర మాత్రం గాలే బంగారం, గాలిపటం పట్టుకొని నీళ్ళ మీద జారే కైట్ సర్ఫింగ్‌కి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. నేర్పేవాళ్ళు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వేడి, తుపాన్ల కాలం. ఆ నెలల్లో టికెట్ తీస్తే వాతావరణ హెచ్చరికలు చూసుకోండి.

సరే, ఎంత జాగ్రత్తగా ఉన్నా నీళ్ళు లాగేశాయి అనుకోండి. ఒడ్డు వైపు ఎదురీదకండి. ఎంత మొనగాడైనా రెండు నిమిషాల్లో అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదండి, లాగుడు చారిక దాటాక ఒడ్డు వైపు తిరగండి. చేతకాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి కేకెయ్యండి. ఒడ్డున ఉన్న ఫ్రెండ్స్ వెనకే దూకొద్దు. మన దగ్గర ఒకడి కోసం ఇంకొకడు దూకి ఇద్దరూ ముగ్గురూ పోయిన వార్తలు ఎన్ని చదవలేదు? మూత బిగించిన ఖాళీ క్యాన్ అయినా సరే, తేలేది ఏదన్నా విసరండి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి. వాడరేవులో, కొత్తపట్నంలో రీఫ్ అనే కాపలా గోడే లేదు. కాబట్టి ఈ ముక్క మారిషస్ కన్నా అక్కడే ఎక్కువ పనికొస్తుంది.

చిన్న సంగతులు రెండు. లగూన్‌లో రబ్బరు బూట్లు వేసుకోండి, రాయిలా కనిపించే విషపు చేప, ముళ్ళుండే సముద్రపు జీవులు కాళ్ళ కింద ఉంటాయి. పగడం ముక్కలు ఏరి బ్యాగ్‌లో వేసుకోవద్దు, పగడం మీద నిలబడొద్దు. 2020 జూలైలో వకాషియో అనే ఓడ ఆగ్నేయంగా రీఫ్‌కి తగులుకొని సుమారు వెయ్యి టన్నుల నూనె కారింది. అప్పుడు ఊళ్ళవాళ్ళు చెరుకు ఆకులు గుడ్డల్లో కూరి సముద్రంలో అడ్డుకట్టలు వేశారు. ఆ రీఫ్ పోతే ఇసకా పోతుంది, కాపలా కూడా పోతుందని వాళ్ళకి తెలుసు.

చెరుకు అన్నాం కాబట్టి మనవాళ్ళ మాట. 1834 తర్వాత బ్రిటిష్ వాళ్ళు చెరుకు తోటల్లో పనికి ఇండియా నుంచి 4 లక్షలకు పైగా కూలీల్ని అక్కడికి తోలారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కారు, అందుకే వాళ్ళకి అక్కడ కోరంగీలనే పేరు పడింది. రాజధాని పోర్ట్ లూయిస్‌లో వాళ్ళు దిగిన ఆప్రవాసి ఘాట్‌ని యునెస్కో 2006లో వారసత్వ స్థలాల్లో చేర్చింది. బీచ్‌కి పోతూ ఒక గంట అక్కడ ఆగండి. ఇళ్ళల్లో ఇప్పుడు ఎక్కువగా క్రియోల్ మాట్లాడతారు, కానీ ఉగాదికి దేశమంతా సెలవు. రామభజనలు, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరి పండగ చేస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే.

దారిలో చెరుకు చేల మధ్య నల్లరాళ్ళ కుప్పలు కనిపిస్తాయి, కొన్ని ఇంటికన్నా ఎత్తు. అవి అగ్నిపర్వతం పేర్చినవి కావు. నాట్లకి అడ్డొచ్చే లావా రాళ్ళని పొలం లోంచి కూలీలు చేతుల మీద ఏరి పోసిన కుప్పలు.

వచ్చే ఎపిసోడ్‌లో కంభం చెరువు. ఉంటానండి.