‘వచ్చు’లో ఎంత భరోసా?

‘ఏం కాకా, ఫ్యాక్టరీ తెరుస్తరంటవా?’
‘ఏమో బిడ్డా... తెర్వొచ్చు.’

బోధన్ శక్కర్‌నగర్ పక్క చాయ్ హోటళ్లకు ఈ రెండు ముక్కలు కొత్త కాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో ఇక్కడ చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుమోసింది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. మళ్లీ తెరిచే విషయం చూడమంటూ 2024లో ప్రభుత్వం ఓ కమిటీ వేసింది. ఇన్నేళ్లూ ఊరి ఆశంతా ‘తెర్వొచ్చు’ అన్న ఒక్క మాట మీదే!

ఆ మాటనే ఇంటర్ చదివే అమ్మాయిని ఇంగ్లిష్‌లో రాయమనండి. మే, మైట్, కుడ్... ఏది పెట్టాలి? పెన్ను అక్కడే ఆగిపోతుంది.

మనకు తెలిసిందే!

నిజానికి ‘మే ఐ కమిన్ సార్?’ అంటూ చిన్న క్లాసుల్లోనే ‘మే’ నేర్చుకున్నాం. అక్కడది అనుమతి. ‘ఇట్ మే రెయిన్’ అంటే మాత్రం అవకాశం. వాన ఎవరి అనుమతీ అడగదు కదా! విచిత్రమేంటంటే తెలుగులోనూ అంతే. ‘లోపలికి రావచ్చు’ అంటే అనుమతి. ‘సాయంత్రం వాన రావచ్చు’ అంటే అవకాశం.

మరి తేడా ఎక్కడ? నమ్మకం ఎంతన్నది మనం గొంతుతోనో, ‘ఏమో’, ‘తప్పకుండా’ లాంటి మాటలతోనో చెబుతాం. ఇంగ్లిష్‌లో ఆ పని చాలావరకు సహాయక క్రియే చేసేస్తుంది.

ఒక్కో మెట్టూ దిగితే...

‘ద ఫ్యాక్టరీ విల్ రీఓపెన్’ అంటే తెరుస్తారు, సందేహం లేదు. ‘మే’ అంటే తెరవొచ్చు, తెరవకపోనూ వచ్చు. ‘మైట్’ అంటే తెరుస్తారేమో... నమ్మకం ఇంకాస్త పలచన. మాటల్లో మాత్రం చాలామంది ఈ రెంటినీ ఒకేలా వాడేస్తారు. ‘కుడ్’ అంటే చెరకు, పెట్టుబడి కుదిరితే తెరిచే వీలుంది అని.

‘మస్ట్’ తీరే వేరు. అది ఆధారం చూసి తేల్చే మాట. మిల్లు గొట్టంలోంచి పొగ వస్తుంటే ‘ద మిల్ మస్ట్ బీ రన్నింగ్’ అంటాం. నడుస్తున్నట్టే లెక్క. పొగా చప్పుడూ లేకపోతే? ‘మస్ట్ నాట్’ అంటే చాలాసార్లు ‘నడవకూడదు’ అనే నిషేధంలా వినిపిస్తుంది. ‘కాంట్ బీ రన్నింగ్’ అనాలి. అంటే, నడిచే అవకాశమే లేదు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘కెన్’ దగ్గర. ‘ఇట్ కెన్ రెయిన్ టుమారో’ అనేస్తారు. రేపటి వానకు మే, మైట్, కుడ్ సరిపోతాయి. ‘కెన్’ అప్పుడప్పుడూ జరుగుతుండే సంగతికి. ‘నిజామాబాద్ కెన్ బీ వెరీ హాట్ ఇన్ మే’... ఈ చివరి ‘మే’ నెల పేరు సుమా!

సంతకం ముందు...

ఇదంతా మార్కుల కోసమేనా? కాదు. నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఎందరో! ఒప్పంద పత్రంలో ‘ఓవర్‌టైమ్ మే బీ పెయిడ్’ అని ఉంటే ఇస్తారని కాదు, ఇవ్వొచ్చని మాత్రమే. ఇవ్వకపోయినా ఆ పత్రం ప్రకారం మాట తప్పినట్టు కాదు. ఇచ్చి తీరాలంటే ‘షల్ బీ పెయిడ్’ అనో, ‘విల్ బీ పెయిడ్’ అనో ఉండాలి. అప్పు చేసి విమానం ఎక్కే ముందు, ఇంట్లో ఇంగ్లిష్ చదివే పిల్లలతో ఆ పత్రంలోని ప్రతి ‘మే’ కిందా గీత గీయించండి. నెలనెలా ఇంటికొచ్చే డబ్బు లెక్క ఆ గీతల దగ్గరే మారిపోతుంది.

దాటిపోయిన మాట

జరిగిపోయినదానికీ ఈ తేడాలుంటాయి. చీకటి పడినా నాన్న రాలేదు. ‘హి మే హావ్ మిస్డ్ ద బస్’ అంటాం. బస్సు తప్పిపోయి ఉండొచ్చు, ఇంకా తెలియదు. ‘ద మిల్ కుడ్ హావ్ సర్వైవ్డ్’ అంటే? మిల్లు బతికే వీలుండేది... బతకలేదు. మొదటిదాంట్లో సందేహం, రెండోదాంట్లో బాధ.

ఇంతకీ కాకా ‘తెర్వొచ్చు’కు ఏం రాయాలి? ‘ఏమో’తో మొదలెట్టాడు కాబట్టి ‘మైట్’ దగ్గరి మాట. ఆయన వినాలనుకుంటున్నది మాత్రం ‘విల్’!