ఎడిటర్ ముందు రెండో తెర

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచిన కంప్యూటర్‌లో దృశ్యానికి దక్కే చోటు చాలా తక్కువ. కింద టైమ్‌లైన్, ఎడమన క్లిప్పులు, కుడిన శబ్దం మీటర్లు పోగా, కూర్పు జరుగుతున్న సీన్ ఒక మూల చిన్న చట్రంలో ఆడుతుంటుంది. ఆ సీన్‌ను ఒక్కదాన్నే నిండుగా చూపేందుకు పక్కన అమర్చేదే రెండో మానిటర్, లేదా ఇంట్లో ఉన్న టీవీ.

తెర పెద్దదైతే కూర్పే మారుతుంది. చిన్న చట్రంలో ఫ్రేమ్ మొత్తం ఒక్క చూపులో పట్టేస్తుంది కాబట్టి, దూరం నుంచి తీసిన షాట్ సాగుతున్నట్టు అనిపించి ఎడిటర్ తొందరగా కత్తిరిస్తాడు. అదే షాట్‌ను పెద్ద తెర మీద చూసే ప్రేక్షకుడి కన్ను అందులో తిరగాలి, మనుషులను వెతుక్కోవాలి. దానికి సమయం కావాలి. ‘అపోకలిప్స్ నౌ’ ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ తన మానిటర్‌కు అటూ ఇటూ కాగితంతో కత్తిరించిన చిన్న మనిషి బొమ్మలు అంటించుకునేవారు. ఆ బొమ్మల పక్కన మానిటర్ థియేటర్ తెరంత పెద్దదిగా తోస్తుంది. అంతటి అనుభవజ్ఞుడికే ఆ గుర్తు అవసరమైందంటే, ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారికి పెద్ద తెర ఎంత అవసరమో ఊహించవచ్చు. ఫోకస్ కాస్త తప్పిన ముఖం, ఫ్రేమ్ అంచున తొంగిచూసిన మైకు కూడా పెద్ద తెర మీదే బయటపడతాయి.

టీవీని కలపడానికి తేలిక దారి హెచ్‌డీఎంఐ కేబుల్. కంప్యూటర్ టీవీని మరో మానిటర్‌గా గుర్తిస్తుంది. అప్పుడు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘డూప్లికేట్’ బదులు ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోవాలి. ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్ కింద ‘ప్లేబ్యాక్’ భాగంలో మెర్క్యురీ ట్రాన్స్‌మిట్‌ను ఆన్ చేసి ఆ తెరను ఎంచుకుంటే చాలు. డావించీ రిజాల్వ్‌లో ఇదే పనికి వర్క్‌స్పేస్ మెనూలో ‘వీడియో క్లీన్ ఫీడ్’ ఉంటుంది. రెండో దారి ఖర్చుతో కూడినదే అయినా నమ్మకమైనది: బ్లాక్‌మ్యాజిక్ వారి డెక్‌లింక్ కార్డు, అల్ట్రాస్టూడియో పెట్టె వంటి పరికరాలు. కంప్యూటర్ డెస్క్‌టాప్ తాలూకు రంగుల సర్దుబాటు మధ్యలో జోక్యం చేసుకోకుండా, టైమ్‌లైన్‌లోని వీడియోను దాని వేగంతోనే ఇవి తెరకు పంపుతాయి.

ఆ వేగం చిన్న విషయమేమీ కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీకి కంప్యూటర్ సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతుంటే, ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు కనిపించాలి. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో ఇది కుదుపుగా తెలుస్తుంది. ఎడిటర్ అది చిత్రీకరణ లోపమని పొరబడే అవకాశం ఉంది. మన దేశంలో టీవీ ప్రసారానికి చేసే 25 ఫ్రేముల వీడియోకైతే టీవీని 50 హెర్ట్జ్‌లో పెట్టాలి.

నలుపు, తెలుపుల లెక్కలోనూ పేచీ ఉంది. ఎనిమిది బిట్ల వీడియోలో టీవీ సంప్రదాయం ప్రకారం నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్‌కు అవి 0, 255. కంప్యూటర్ పూర్తి పరిధిలో పంపి, టీవీ తన పద్ధతిలో చదివితే నీడల్లోని వివరాలు నల్లటి ముద్దగా మారిపోతాయి. తిరగబడితే నలుపు బూడిదరంగుకు దిగుతుంది. ఈ తేడా గమనించకుండా రంగులు దిద్దితే మంచి ఫుటేజీ పాడైనట్టే. రెండు చోట్లా ఒకే పరిధి ఎంచుకోవాలి.

టీవీలో కంటికి ఇంపుగా ఉండే ‘వివిడ్’ మోడ్ ఎడిటర్‌కు శత్రువు. లేని ఫ్రేములను కల్పించే మోషన్ స్మూతింగ్, కృత్రిమంగా పదును పెంచే షార్ప్‌నెస్, గది వెలుతురును బట్టి కాంతి మార్చే సదుపాయం, వీటన్నిటినీ ఆపేయాలి. అల్ట్రా హెచ్‌డీ అలయన్స్ 2019లో ప్రకటించిన ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ టీవీలో ఉంటే ఈ పని చాలావరకు ఒక్క మీటతో అయిపోతుంది. అంచులను కోసేసే ఓవర్‌స్కాన్‌ను మామూలుగా ఆపే ఉంచాలి. అయితే ప్రేక్షకుడి టీవీ అంచులు కోస్తే ఏం పోతుందో తెలియడానికి ఒక్కసారి ఆన్ చేసి చూడటం మంచిది. తెలుగు అక్షరాలకు ఒత్తులు కిందికి దిగుతాయి. తెర అడుగున పేర్లు వేసినప్పుడు ముందు తెగేవి అవే.

ఇక ఆలస్యం. అందిన బొమ్మను టీవీ మెరుగులు దిద్ది చూపేలోపు కంప్యూటర్ స్పీకర్లలో మాట వినిపించేస్తుంది. పెదవులు వెనకబడ్డాయని టైమ్‌లైన్‌లో శబ్దాన్ని జరిపితే, టీవీ చూపడంలో ఉన్న తప్పు అసలు వీడియోలోకి ఎక్కుతుంది. గేమ్ మోడ్‌తో ఆలస్యం తగ్గుతుంది. శబ్దాన్ని కూడా టీవీ నుంచే వింటే తేడా దాదాపు ఉండదు. అనుమానం తీరాలంటే క్లాప్ కొట్టిన షాట్ పెట్టి, పలకలు కలిసిన ఫ్రేమ్‌తో చప్పుడు కలుస్తోందో లేదో చూడాలి.

రంగుల తుది నిర్ణయానికి మాత్రం కొలిచి సరిదిద్దిన రిఫరెన్స్ మానిటరే కావాలి. అందుకే గ్రేడింగ్ గదుల్లో కలరిస్ట్ ముందు ఆ మానిటర్, వెనక సోఫాలో కూర్చున్న దర్శకుడికి ఎదురుగా పెద్ద టీవీ ఉండటం మామూలు. ఆ టీవీ ఓఎల్‌ఈడీ అయితే, భోజనానికి లేచేటప్పుడు ఒకే ఫ్రేమ్ మీద ఆపి వదిలేయకూడదు. గంటలకొద్దీ కదలకుండా నిలిచిన బొమ్మ తెర మీద మచ్చగా మిగిలిపోవచ్చు.