సముద్రతీరానికి కుటుంబ ప్రయాణం: తెలుసుకోవలసిన ఆరోగ్య విషయాలు



వేసవి సెలవులు వచ్చినా, క్రిస్మస్ సెలవులు వచ్చినా మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు సముద్రం చూడటానికి బయలుదేరుతున్నాయి. కొందరు ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో రైలెక్కి చెన్నై మెరీనాకు వెళతారు. కొందరు బస్సు మాట్లాడుకొని నెల్లూరు మీదుగా మైపాడుకు వెళతారు. మొక్కుబడి ఉన్నవారు వేళాంగణికి వెళ్లి పనిలో పనిగా అక్కడి సముద్రంలో స్నానం చేసి వస్తారు. అమెరికాలో బిడ్డల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులను పిల్లలు కాలిఫోర్నియాలోని శాంటా మోనికా తీరానికి తీసుకొని పోతారు. అక్కడ సముద్రంలోకి పొడవుగా కట్టిన వంతెన ఉంది. 1909లో ప్రారంభమైన ఆ వంతెన మీద 1996 నుండి జెయింట్ వీల్, రోలర్ కోస్టర్ ఉన్న ఆటల పార్కు కూడా నడుస్తోంది.

కుటుంబమంతా కలిసి విశ్రాంతిగా గడపడం ఆరోగ్యానికి మంచిదే. అయితే మనది సముద్రానికి దూరంగా ఉన్న జిల్లా. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కన పారే పెన్నా నది నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది గానీ, సముద్రపు తీరు మనకు తెలియదు. అందుకే ప్రయాణానికి ముందు తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

బావిలో ఈత వేరు, సముద్రం వేరు

మన పిల్లలు చాలామంది బెండ్లు కట్టుకొని బావుల్లో ఈత నేర్చినవారే. మైలవరం జలాశయంలో ఈదినవారు కూడా ఉన్నారు. 'మావాడికి ఈత బాగా వచ్చు' అని తల్లిదండ్రులు ధైర్యంగా ఉంటారు. బావి నీరు నిలకడగా ఉంటుంది. సముద్రపు నీరు నిలకడగా ఉండదు.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి. ఒక్కోచోట ఆ నీరు ఇరుకైన పాయగా చేరి వేగంగా లోపలికి పారుతుంది. దీనిని రిప్ కరెంట్ అంటారు. చిత్రమేమిటంటే, ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. భద్రమైన చోటు అనుకొని జనం అక్కడే దిగుతారు. అది బలంగా ఉన్నప్పుడు దానికి ఎదురీదడం గజ ఈతగాడికి కూడా సాధ్యం కాదు. ఒడ్డు వైపుకే ఈదాలని ప్రయత్నించి అలసిపోయి మునిగిపోతారు.

అందులో చిక్కుకుంటే ఇలా చేయాలి. భయపడి కొట్టుకోకుండా వెల్లకిలా తేలాలి. ఆ పాయ మనిషిని లోపలికి తీసుకొని పోతుందే గాని కిందికి లాగదు. కొంత దూరం పోయాక దాని బలం తగ్గుతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ నుండి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు తేలుతూ చెయ్యి పైకెత్తి సహాయం కోరాలి.

మెరీనాలో ఒడ్డు దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, ప్రవాహాలూ బలమైనవి. అందుకే అక్కడ స్నానం చేయకూడదని పోలీసులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరికను పాటించండి. స్నానానికి అనుమతి ఉన్నచోట కూడా మోకాలి లోతు దాటి వెళ్లవద్దు. చీరతో దిగే అక్కచెల్లెళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింది ఇసుక కూడా జారిపోతుంది. పడినవారు వెంటనే లేవలేరు.

మునిగేవారు కేకలు వేయలేరు

గలిలయ సముద్రం మీద పేతురు మునిగిపోతూ ప్రభువును కేకవేసి పిలిచిన సంగతి మనమందరం ఎరిగినదే. కాని సాధారణంగా మునిగేవారికి కేకవేసే శక్తి ఉండదు. నోరు నీళ్లపైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సరిపోతుంది. చేతులు ఊపి పిలవడానికి కూడా వీలుకాదు. పక్కనున్నవారికి పిల్లవాడు ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి 'అరిస్తే వినబడుతుందిలే' అని ఒడ్డున కబుర్లలో పడవద్దు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున బాధ్యత పంచుకోండి. చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి. ఫోటోల కోసం అలలకు వీపు పెట్టి నిలబడవద్దు. మద్యం తాగినవారిని నీళ్లలోకి దిగనివ్వవద్దు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. ఒకరిని కాపాడబోయి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. తాడు, పంచె, గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది అందించండి.

బయటికి తీసిన వెంటనే శ్వాస ఉందో లేదో చూడండి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా వేలాడదీసి తిప్పడం చేయవద్దు. దానివల్ల పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, విలువైన సమయం కూడా వృథా అవుతుంది. శ్వాస లేకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి 5 సార్లు గాలి ఊదండి. అప్పటికీ శ్వాస రాకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి 2 సార్లు ఊదండి. 108 వచ్చేవరకు ఇలాగే కొనసాగించండి. తేరుకున్న మనిషిని కూడా తప్పక ఆసుపత్రికి తీసుకొని పోవాలి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలు కావచ్చు.

మన ఎండ వేరు, అక్కడి ఉక్క వేరు

'కడప ఎండలు చూసినవాళ్లం, మాకేం' అని మనవారు అంటుంటారు. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టగానే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గాని ఆరదు. అందువల్ల ఎండ తక్కువ అనిపించినా ఒంట్లో వేడి పెరుగుతుంది. ఉదయం 11 నుండి సాయంత్రం 4 వరకు ఇసుకలో తిరగవద్దు. దాహం వేయకముందే నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండండి. ఓ.ఆర్.ఎస్. పొట్లం 1 లీటరు నీటిలో కలుపుకోవాలి. అది లేకపోతే 1 లీటరు మంచినీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తరలించండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

పిల్లలు సముద్రపు నీరు తాగకుండా చూడండి. అందులో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తీరంలో అమ్మే వేడి గుగ్గిళ్లు, అప్పుడే వేసిన బజ్జీలు ఫరవాలేదు. కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు మాత్రం వద్దు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి

ఈ వ్యాధి చాలా ఏళ్లుగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మధ్యాహ్నపు ఇసుక మీద చెప్పులు లేకుండా నడిస్తే బొబ్బలెక్కినా తెలియదు. గవ్వ, గాజుపెంకు కోసుకున్నా నొప్పి ఉండదు. ఊరికి వచ్చిన వారం రోజులకు కాలు వాచి చీము పడితే అప్పుడు ఆసుపత్రికి వస్తారు. ఆలస్యమైతే వేలో పాదమో తీసివేయవలసి వస్తుంది. కాబట్టి ఇసుకలోనూ, నీళ్లలోనూ చెప్పులు విడువవద్దు. బసకు చేరగానే మంచినీటితో కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లను ఇంట్లో ఎవరిచేతనైనా చూపించుకోండి. చిన్న గాయమైనా డాక్టరుకు చూపండి.

ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో ఉంచవద్దు, వేడికి దాని శక్తి పోతుంది. తడిగుడ్డ చుట్టిన చిన్న కుండలో పెట్టుకోవచ్చు. బి.పి., ఫిట్స్, గుండె మాత్రలు రెండు రోజులకు ఎక్కువే తీసుకొని వెళ్లండి. సెలవులని మాత్రలకు సెలవు ఇవ్వవద్దు.

రంగులరాట్నం ఎక్కే ముందు

ప్రొద్దుటూరు దసరా ఉత్సవాల్లో మనకు జెయింట్ వీల్ అలవాటే. సముద్రతీరాల్లో ఇంతకంటే వేగమైనవి, పైనుండి ఒక్కసారిగా కిందికి వదిలేవి ఉంటాయి. లోపలి చెవిలో శరీరపు తూకాన్ని గమనించే భాగం ఒకటి ఉంది. అది చెప్పేదానికి, కళ్లు చూసేదానికి పొంతన కుదరకపోతే తలతిప్పు, వాంతులు వస్తాయి. కడుపునిండా తిని ఎక్కవద్దు.

గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు, అదుపులో లేని బి.పి. ఉన్నవారు, ఫిట్స్ వచ్చేవారు, మెడ, నడుము నొప్పి ఉన్నవారు, ఈమధ్య కాన్పు గాని, కంటి ఆపరేషన్ గాని, ఇతర ఆపరేషన్ గాని జరిగినవారు వేగంగా తిరిగేవాటిని ఎక్కకూడదు. జడ ముడివేసుకొని, చున్నీ, పైట కొంగు బిగించి ఎక్కాలి. యంత్రంలో చిక్కుకుంటే ప్రాణాపాయం. భద్రతా కడ్డీ సరిగా పడకపోయినా, తుప్పు పట్టి శబ్దం చేస్తున్నా దిగిపోండి. పిల్లవాడు ఏడ్చినా మరేమీ కాదు.

ఒక హెచ్చరిక గుర్తుంచుకోండి

2004 డిసెంబర్ 26, క్రిస్మస్ మరునాడు ఆదివారం ఉదయం, సునామీ మెరీనాను, వేళాంగణిని, మన ఆంధ్ర తీరాన్ని తాకింది. వేళాంగణిలో ఎందరో యాత్రికులు కొట్టుకుపోయారు. 2007 నుండి హైదరాబాదులోని కేంద్రం సునామీ హెచ్చరికలు ఇస్తోంది. అయినా ఒక గుర్తు పిల్లలకు కూడా నేర్పండి. భూమి కంపించినా, సముద్రం ఉన్నట్టుండి చాలా వెనక్కి పోయినా, చేపలు ఏరుకోవడానికి వెళ్లకుండా ఎత్తైన చోటుకు పరుగెత్తాలి.

గర్భిణులు, వృద్ధులు, దీర్ఘవ్యాధులు ఉన్నవారు ప్రయాణానికి వారం ముందు మన ఆసుపత్రికి వచ్చి పరీక్ష చేయించుకొని, మందుల చీటీ వెంట తీసుకొని వెళ్లవలసిందిగా కోరుతున్నాము. ఈ పత్రికను చదివి, ప్రయాణమయ్యే పొరుగువారికి కూడా ఇవ్వండి. వెళ్లినవారందరూ క్షేమంగా, సంతోషంగా ఇళ్లకు తిరిగి రావాలని మా ప్రార్థన.