జాబ్ మానేసినందుకు కాదు, నా రిగ్రెట్ వేరే ఉంది

ఎక్కువమంది అడిగింది ఒకటే: "అన్నా, సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసినందుకు రిగ్రెట్ ఉందా?" లేదండి. ఉన్నది వేరే.

2015 జూలై, గోదావరి పుష్కరాలు. నేను హైదరాబాద్‌లో బీటెక్. "రాజమండ్రి వచ్చెయ్‌రా, కలిసి మూడు మునకలేద్దాం" అని తాతయ్య ఫోన్. మొదటిరోజు పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది కదా, అదే సాకు చెప్పా. నిజానికి బద్ధకం. మొత్తం 12 రోజులు, ఒక్కరోజూ వెళ్లలేదు. గురుడు సింహరాశిలోకి వస్తేనే గోదావరికి పుష్కరం, అంటే సుమారు 12 ఏళ్లకోసారి. "మళ్లీసారి వస్తాలే తాతయ్యా" అన్నా. "నేనుండాలిగా" అని నవ్వారు.

2019లో పోయారు.

"తర్వాత చూద్దాం" అనేది నా పాత అలవాటు. కోడ్‌లో కూడా 'టుడూ' అని రాసి వదిలేసేవాణ్ణి. 2027లో మళ్లీ పుష్కరాలు. నాన్నతో వెళ్లి, తాతయ్యకి పిండప్రదానం అక్కడే పెట్టిస్తా.

సరే, నెక్స్ట్: రోజుకి ఎన్ని టీలు? ఐదండి, అమ్మకి చెప్పకండి.